ఆర్‌టీఎక్స్ 5080నా, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీనా? పెట్టె విప్పాక తేలే లెక్క

గోదావరి జిల్లాల్లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు కొనేవాళ్లు ఇప్పుడు ముఖ్యంగా రెండు రకాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు కొందరు, ఇంజనీరింగ్ చదువుతూ గేములు ఆడే కుర్రాళ్లు కొందరు. ఎవరైనా కొనేముందు చూసేది గేములో సెకనుకు ఫ్రేములు (బొమ్మలు) ఎన్ని వస్తాయి, కార్డు ఎంత వేడెక్కుతుంది అనే. పెట్టెలో కార్డుతో పాటు ఏం ఇస్తారన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కార్డు ధర మీద ఇంకా ఎంత చేతి నుంచి పడుతుందో తేల్చేది మాత్రం అదే.

ఈమధ్య మా చుట్టాల్లో రెండు కార్డులూ వచ్చాయి. భీమవరంలో స్టూడియో నడిపే మా బావ ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5080 తెప్పించుకున్నాడు. రావులపాలెంలో ఉండే మా పిన్ని కొడుకు ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ తీసుకున్నాడు. రెండూ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాటిని సిస్టంలో పెట్టిందీ నేనే.

ముందు కాగితం మీది లెక్క. 5080 2025 జనవరి 30న వచ్చింది, ప్రారంభ ధర 999 డాలర్లు. 9070 ఎక్స్‌టీ అదే ఏడాది మార్చి 6న 599 డాలర్లకు వచ్చింది. మన దగ్గర 18 శాతం జీఎస్టీ, దుకాణం లాభం కలిసి రెండూ ఇంకా పైకి వెళతాయి. రెండింటిలోనూ మెమరీ 16 జీబీయే. 5080లోది జీడీడీఆర్7 అనే వేగమైన రకం మెమరీ కాబట్టి సెకనుకు 960 జీబీ డేటా కదులుతుంది, 9070 ఎక్స్‌టీలోది జీడీడీఆర్6, సెకనుకు 640 జీబీ. కరెంటు దగ్గర 5080కి 360 వాట్లు, 9070 ఎక్స్‌టీకి 304 వాట్లు.

ఇక పెట్టెలు. రెండూ బాగా పెద్దవే, లోపల మందపాటి ఫోము, దాని మధ్యలో యాంటీ స్టాటిక్ కవర్లో కార్డు. పెట్టె సైజు చూసి లోపల సామాను చాలా ఉందనుకోకండి, సగం ఫోమే. 9070 ఎక్స్‌టీ పెట్టెలో కార్డు, ఒక చిన్న పుస్తకం, కార్డు కిందికి వంగకుండా పెట్టే స్టాండు, అంతే. వైరన్నది ఒక్కటి కూడా లేదు. మా తమ్ముడు కాస్త డీలా పడ్డాడు గానీ నాకు నచ్చింది అదే. ఆ కార్డుకి కావలసింది ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే మామూలు ఎనిమిది పిన్నుల వైర్లు. వాడి పాత 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కి అవి ముందే ఉన్నాయి. ఒక్కో ఎనిమిది పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తుంది, మదర్‌బోర్డు స్లాటు ఇంకో 75 ఇస్తుంది. రెండు వైర్లు పెడితే మొత్తం 375 వాట్లు, 304 వాట్ల కార్డుకి సరిపోతుంది. ఏఎండీ సిఫార్సు చేసేది కూడా 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్సే. ఒక జాగ్రత్త: 9070 ఎక్స్‌టీ మోడళ్లలో కొన్నిటికి మూడు వైర్లు కావాలి, కొన్నిటికి కొత్త రకం 16 పిన్నుల కనెక్టరు ఉంటుంది. డబ్బు కట్టేముందు కార్డు మీది కనెక్టరు ఫొటో ఒక్కటి చూసుకోండి.

5080 పెట్టెలో మాత్రం అసలు వస్తువు అడాప్టరు. ఒక చివర కార్డుకి పెట్టే 16 పిన్నుల తల, రెండో చివర మూడు ఎనిమిది పిన్నుల సాకెట్లు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరికీ భయం ఉన్నది ఇక్కడే. 2022లో ఎన్విడియా ముందు తరం కార్డు ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తలో ఈ 16 పిన్నుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. కనెక్టరు పూర్తిగా లోపలికి వెళ్లకపోవడం వల్లే అలా జరిగిందని ఎన్విడియా చెప్పింది. తర్వాత ఆ కనెక్టరును సవరించి, సెన్స్ పిన్నులు పొట్టివి చేశారు. సరిగ్గా లోపలికి దిగకపోతే ఆ పిన్నులు తగలవు, కార్డు కరెంటు లాగదు. 5080లో ఉన్నది ఈ సవరించిన రకమే. పైగా ఆ కనెక్టరు 600 వాట్ల వరకు తట్టుకునేలా చేసినది, 5080 లాగేది 360. 575 వాట్లు లాగే పై మోడల్ 5090 గురించి పడే టెన్షన్‌ని దీని మీద వేసుకోనక్కర్లేదు. చేయాల్సిందల్లా లాకు పడేదాకా గట్టిగా నొక్కడం, తల దగ్గరే వైరు వంచకుండా కాస్త దూరం వదలడం, అడాప్టరులోని మూడు సాకెట్లకీ ఎస్‌ఎంపీఎస్ నుంచి మూడు విడి వైర్లు తేవడం. ఒకే వైరుకి చివర రెండు తలలు ఉంటాయి కదా, ఆ రెండూ ఇక్కడ వాడొద్దు.

బావ పాత ఎస్‌ఎంపీఎస్ ఈ మూడో వైరు దగ్గరే ఆగిపోయింది. దానికి విడి వైర్లు రెండే ఉన్నాయి. ఎన్విడియా 5080కి చెప్పేది 850 వాట్లు. అందుకని ఏటీఎక్స్ 3.1 రకం 850 వాట్ల కొత్తది తీసుకున్నాం. దానితో పాటే నేరుగా పెట్టే 16 పిన్నుల వైరు వచ్చింది, అడాప్టరు పెట్టెలోనే ఉండిపోయింది. 5080 కొంటూ పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లు ఈ ఖర్చును కార్డు ధరలోనే కలిపి చూసుకోవాలి.

యూపీఎస్ లెక్క కూడా వేసుకోవాలి. మన ఇళ్లలో కంప్యూటర్ కింద ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 5080 ఒక్కటే పూర్తి లోడ్ మీద అంత తినేస్తుంది, ప్రాసెసర్, మానిటర్ సంగతి తర్వాత. ఎండాకాలంలో వోల్టేజీ తగ్గిపోవడం, ఈదురుగాలి వీస్తే ఫీడరు ట్రిప్పవడం డెల్టా పల్లెల్లో కొత్తేం కాదు. రెండర్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. ఇన్వర్టరు మీద నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి, చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద మంచి ఎస్‌ఎంపీఎస్‌లు చాలాసార్లు మొరాయిస్తాయి. పాత పెంకుటిళ్లలో ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. 304 వాట్ల కార్డైనా 360 వాట్ల కార్డైనా ఇవి తప్పవు, తక్కువ లాగే కార్డుకి కొంచెం చిన్న యూపీఎస్‌తో సరిపెట్టుకోవచ్చంతే.

నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు వాళ్లకి ఉప్పు గాలి కూడా ఉంటుంది. డిస్‌ప్లే పోర్టులకు వచ్చే చిన్న ప్లాస్టిక్ మూతలు చాలామంది పారేస్తారు. వాడని పోర్టులకు అవి అలాగే ఉంచండి. పెట్టె, ఫోము, బిల్లు వారంటీ అయ్యేదాకా దాచండి, కార్డు బాగు చేయించాలంటే మన ఊళ్ల నుంచి కొరియర్ చేయడమే దారి. సీలు కట్ చేసే దగ్గర నుంచి ఫోనులో వీడియో తీయడం కూడా అందుకే.

5080 విప్పినవాళ్లు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. 5080 లాంటి 50 సిరీస్ కార్డుల తొలి బ్యాచుల్లో కొన్నిటికి ఆర్‌ఓపీలు (చిప్పులో బొమ్మను చివరగా సిద్ధం చేసే భాగాలు) తక్కువ వచ్చాయని ఎన్విడియానే ఒప్పుకుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిస్తే 5080కి 112 అని కనిపించాలి. 104 కనిపిస్తే వెంటనే మార్పించుకోవాలి. మాది 112 చూపించింది.

మరి ఏది మేలు? స్టూడియోకైతే నా ఓటు 5080కే. ఇప్పటి పెళ్లి కెమెరాలు చాలావరకు రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2లో రికార్డు చేస్తున్నాయి. 50 సిరీస్ కార్డులు ఆ ఫుటేజీని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తాయి (అంటే విప్పి చూపిస్తాయి), టైమ్‌లైన్ మీద నత్తనడక తప్పుతుంది. ఎడిటింగ్ చేసే డావిన్చీ రిజాల్వ్‌లోనూ, 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లోనూ కూడా క్యూడా (ఎన్విడియా కార్డులకే ఉండే సాఫ్ట్‌వేర్ వేదిక) ఉన్నవాడిదే పైచేయి. మాఘమాసం పెళ్లిళ్ల ఒత్తిడిలో మిగిలే గంటలే ఆ అదనపు డబ్బుని తిరిగి ఇస్తాయి.

గేములకైతే 9070 ఎక్స్‌టీ. 4కేలో 5080 ముందుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ 4కే కంటే తక్కువ రిజల్యూషన్ ఉన్న 1440పీ మానిటర్‌కి ఈ కార్డు నిండుగా సరిపోతుంది. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 వల్ల అప్‌స్కేలింగ్‌లో (చిన్న బొమ్మను పెద్దగా, స్పష్టంగా మార్చడంలో) ఎన్విడియాతో పాత తేడా బాగా తగ్గింది. ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేకుండా కార్డు మాత్రమే కొని పెట్టుకోవచ్చన్నది చదువుకునే కుర్రాడికి చాలా పెద్ద విషయం.

సెకండ్ హ్యాండ్ 4090 గురించి అడిగేవాళ్లకి నేను వద్దనే చెబుతాను. 24 జీబీ మెమరీ బాగుంటుంది గానీ 450 వాట్లు, అప్పటి కనెక్టరు, చేతులు మారిన వారంటీ, ఇవన్నీ మీద పడతాయి. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపేవాళ్లకి తప్ప దాని అవసరం లేదు.

ఒక్క సిస్టం మీదే నడిచే చిన్న స్టూడియో అయితే 5080 దాకా కూడా వెళ్లనక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 749 డాలర్ల ధరతో వచ్చింది. 16 జీబీ జీడీడీఆర్7, 300 వాట్లు, 4:2:2 డీకోడ్ దీనిలోనూ ఉంది. డీకోడర్ రెండు బదులు ఒకటే, అంతవరకే లోటు. మిగిలిన డబ్బుతో ముందు మంచి యూపీఎస్ కొనమంటాను.