కత్సురా విడిదిలో ఒక గంట

జపాన్‌లోని క్యోటోలో మేం కత్సురా స్టేషన్ దగ్గరే బస దిగాం. గది చాలా చిన్నది. రెండు సూట్‌కేసులు తెరిస్తే ఇక నడవడానికి చోటు లేదు. అయినా ఊరి నడిబొడ్డుకీ, పడమటి కొండల పక్కనున్న అరషియామాకీ అక్కణ్నుంచే హాంక్యూ అనే ప్రైవేటు సంస్థ రైళ్లున్నాయి. రాజవంశీకుల పాత విడిది, కత్సురా రాజవిడిదికి ఇరవై నిమిషాల నడక. నాకైతే ఆ విడిదే ముఖ్యం.

టికెట్ రాజకుటుంబ వ్యవహారాలు చూసే ఇంపీరియల్ హౌస్‌హోల్డ్ ఏజెన్సీ సైట్‌లో ముందే బుక్ చేసుకున్నాను, మనిషికి 1000 యెన్‌లు. పాస్‌పోర్ట్ తప్పనిసరి. పన్నెండేళ్ల లోపు పిల్లలను రానివ్వరు. మా వాడికి తొమ్మిది. అందుకని ఆయన వాణ్ణి తీసుకుని నది గట్టుకి వెళ్లారు, నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

17వ శతాబ్దంలో రాకుమారుడు తొషిహితో మొదలుపెడితే, కొడుకు తొషితద పూర్తిచేసిన విడిది ఇది. లోపలికి వెళ్లగానే చెరువు కనిపిస్తుందనుకున్నాను. కనబడనివ్వరు! సరిగ్గా చూపు ఆనే చోట ఒక చిన్న పైన్ చెట్టు అడ్డం నిలబడి ఉంటుంది. అక్కణ్నుంచి దారంతా అడుగురాళ్లే. ఎత్తుపల్లాలుగా ఉంటాయి కాబట్టి తల దించుకునే నడవాలి. రాయి కాస్త వెడల్పైన చోట ఆగి తలెత్తితే ఎదురుగా నీళ్లు, అవతలి గట్టున గడ్డికప్పు టీ ఇల్లు. ఎక్కడ తలెత్తాలో కూడా వాళ్లే నిర్ణయించి పెట్టారని అర్థమయ్యాక నాకు ఒళ్లు పులకరించింది.

ఆ టీ ఇంటి పేరు షోకిన్‌తెయ్. లోపల తలుపుల మీద తెలుపు, నీలం గళ్ల కాగితం. నాలుగు వందల ఏళ్ల నాటి ఆలోచన అంటే నమ్మబుద్ధి కాదు. పాత షోయిన్ అనే నివాస భవనం ముందు వెన్నెల చూడ్డానికి వేసిన వెదురు అరుగు ఉంది. కూర్చోవాలనిపిస్తుంది, కానీ ఏ భవనంలోకీ అడుగు పెట్టనివ్వరు. గైడ్ వెంటే గంటలో తిరగాలి, వెనక ఒక కాపలా మనిషి వస్తుంటాడు. నిదానంగా చూసే అలవాటున్నవాళ్లకి ఈ గంట చాలదు. నాకూ చాలలేదు.

పిల్లలుంటే అరషియామాలో ఒకోచి సాన్సో చూడండి. సినిమా నటుడు ఒకోచి దెంజిరో కట్టుకున్న కొండ మీది ఇల్లు. టికెట్‌తోపాటు పచ్చ మాచా టీ, ఒక మిఠాయి ఇస్తారు. తొందరపెట్టేవాళ్లు ఉండరు. పైనుంచి క్యోటో అంతా కనిపిస్తుంది. మర్నాడు ముగ్గురం పూటంతా అక్కడే ఉన్నాం. హాయిగా ఉంది, కానీ కత్సురాలోలా అడుగడుక్కీ ఆగిపోయేలా లేదు.

ఆ ముందు రోజు కత్సురా విడిది నుంచి బయటికొస్తే మా వాడు గట్టు మీద దడి చూపించాడు. నాటిన వెదుళ్లనే బతికుండగానే వంచి, ఆకులతో సహా అల్లిన పచ్చటి గోడ. నేను లోపలికి వెళ్లే హడావిడిలో దాన్ని చూడనే లేదు. అందులో ఒక్కో వెదురు ఎటు వంగిందో వేలితో చూపిస్తూ నన్ను చివరి దాకా నడిపించాడు.