స్క్రాప్‌బుక్ స్టార్టర్ కిట్ కొనే ముందు ఒకసారి చదవండి

మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలతో స్క్రాప్‌బుక్ చేద్దామని ఆన్‌లైన్‌లో ఓ స్టార్టర్ కిట్ తెప్పించాను. స్టిక్కర్లు, వాషి టేపులు (డిజైన్లున్న రంగు కాగితపు టేపులు), డిజైన్ కత్తెరలు బోలెడు ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ అసలు కావాల్సిన కాగితమే పలచన, మూడు ఫొటోలు అంటించేసరికి పేజీ వంగిపోయింది. అందులో వచ్చిన జిగురు రాస్తే ముడతలు. ప్యాకెట్ మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఎక్కడా లేదు, నాకు ఎక్కువ బాధేసింది అక్కడే, ఎందుకంటే యాసిడ్ ఉన్న కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసుబారుతుంది, దాని మీదున్న ఫొటోనూ పాడుచేస్తుంది.

తర్వాత అన్నీ విడిగా కొన్నాను. 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పైనున్న యాసిడ్ ఫ్రీ కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కాగితం, ఫొటోలకు పనికొచ్చే డబుల్ సైడ్ టేపు, ఫొటో మూలలను పట్టి ఉంచే ఫొటో కార్నర్లు, తేలిగ్గా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకు పెన్ను, స్టీలు స్కేలు, కట్టర్. మొదట్లో ఇవి చాలు. 12 అంగుళాల ఆల్బమ్ నింపడం కష్టం, 8 అంగుళాలది తీసుకోండి, ఒక 4×6 ఫొటో పెట్టినా పక్కన రెండు మాటలు రాసుకునే చోటు మిగులుతుంది.

ఫొటో కంటే అన్ని వైపులా పావు అంగుళం పెద్దగా రంగు కార్డ్‌స్టాక్ కత్తిరించి వెనక అంటిస్తే, స్టిక్కర్లు లేకుండానే పేజీ నిండుగా కనిపిస్తుంది. అన్నీ పేర్చి చూసుకున్నాకే అంటించండి. అమ్మమ్మ కాలం నాటి ఫొటోల్లాంటివి ఉంటే దయచేసి కత్తిరించకండి, కాపీ తీయించి వాడండి.

కిట్‌కి నా రేటింగ్ 5కి 2, అదీ వాషి టేపుల కోసమే.