"అన్ని వయసుల కోళ్లకీ" అని అమ్మే బకెట్ ఫీడర్‌తో జాగ్రత్త, చిన్న కోడిపిల్లలకి పెట్టకండి

కోడిపిల్లలు తెచ్చుకోబోతున్నవాళ్లు ఫీడర్ కొనేముందు ఒకసారి ఇది చదవండి. నేను కొన్నది బకెట్ మోడల్. పక్కల నాలుగు గుండ్రటి రంధ్రాలు, ఒక్కోదానికి వంపు తిరిగిన గొట్టం, పైన మూత. "దాణా ఒక్క గింజ కూడా వృథా కాదు, అన్ని వయసుల కోళ్లకీ పనికొస్తుంది" అని రాసి ఉంది. ఫోటోలో పెద్ద కోళ్లు తలలు లోపల పెట్టి శుభ్రంగా తింటున్నాయి. నా దగ్గర ఉన్నవేమో ఐదు రోజుల పిల్లలు, మొత్తం 30. ఆ తేడా కొనేటప్పుడు నాకు తట్టలేదు.

మొదట గొట్టం అంచు వాటికి అందలేదు. ఆకలితో అరుస్తుంటే చూడలేక ముందు ఇటుకలు పరిచాను. ఇక అవి తల పెట్టి తినడం కాదు, మనిషి గుమ్మంలోంచి వెళ్లినట్టు నేరుగా లోపలికే వెళ్లిపోయాయి, దాణా మీద నిలబడి కాళ్లతో గీకి బయటికి చిమ్మాయి, అందులోనే రెట్ట వేశాయి. రెండో రోజు పొద్దున లెక్కపెడితే 29 ఉన్నాయి. మూత తీసి చూస్తే ఒకటి గొట్టం వంపు దాటి బకెట్‌లోకి జారిపోయి, పైనుంచి దాణా జారి మీద పడి చచ్చిపోయి ఉంది. నేను రాత్రి ఇంకోసారి చూసి ఉంటే బతికేదేమో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. పెద్ద కోడి తల పట్టేంత రంధ్రంలో చిన్నపిల్ల ఒళ్లంతా పడుతుంది, అంతే విషయం.

వృథా సంగతి కూడా కొలిచాను. బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, ఫీడర్ కింద పరిచిన పొట్టు తీసేసి వెడల్పాటి పళ్లెం పెట్టి, పొద్దున 400 గ్రాముల దాణా పోశాను. సాయంత్రం పళ్లెంలో పడినదాన్ని జల్లించి తూకం వేస్తే 150 గ్రాములు వచ్చింది. మూడో వంతు కంటే ఎక్కువ కిందే పడింది! మీ ఫీడర్‌ని కూడా ఒక్క రోజు ఇలా కొలిచి చూడండి, పొట్టులో కలిసిపోతే ఎంత పోతోందో కంటికి తెలియదు.

అమ్మినవాళ్లకి ఫోటోలన్నీ పంపాను. "పిల్లలు పెద్దయ్యాక వాడుకోండి" అన్నారు. అన్ని వయసులకీ అని మీరే రాశారు కదా అని అడిగితే, వాడిన వస్తువు మేం వెనక్కి తీసుకోం అన్నారు. అక్కడితో అయిపోయింది.

పోయింది డబ్బే కదా అని వదిలేసే విషయం కాదిది. కింద పడ్డ దాణా రెట్టతో, డ్రింకర్ నుంచి చిందిన నీళ్లతో కలిసి బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు పుట్టొచ్చు. పిల్లలు మళ్లీ అక్కడే పొడుచుకుని తింటాయి. రక్త విరేచనాలు తెచ్చే కాక్సిడియోసిస్ కూడా ఇలాగే అంటుకుంటుంది, రెట్టలో వచ్చిన ఆ క్రిమి గుడ్లు వెచ్చటి తడి పొట్టులో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వచ్చేస్తాయి. దాణా వాసనకి ఎలుకలు చేరడం ఇంకో తలనొప్పి.

ఇప్పుడు వాడుతున్నది మామూలు పొడవాటి తొట్టి. పైన కమ్మీల జాలీ ఉంది కాబట్టి లోపల నిలబడలేవు, తల మాత్రమే దూరుతుంది. కొనేటప్పుడు అంచు లోపలికి మడిచి ఉందో లేదో వేలితో తడిమి చూడండి, పిల్ల ముక్కుతో పక్కకి తోసిన దాణాని ఆపేది ఆ మడతే. పొడవు కూడా లెక్క చూసుకోండి. మొదటి రెండు వారాలు పిల్లకి 2.5 సెంటీమీటర్ల జాగా కావాలి, తర్వాత 5 దాకా. రెండు వైపులా తింటాయి కాబట్టి 30 పిల్లలకి మొదట్లో 40 సెంటీమీటర్ల తొట్టి చాలు. జాగా తక్కువైతే తోసుకుని ఒలకబోస్తాయి, బలహీనమైనవి పస్తుంటాయి.

తొట్టిని అంచుల దాకా నింపొద్దు. నేను మూడో వంతే పోస్తున్నాను, కాకపోతే రోజుకి మూడు నాలుగు సార్లు. అంచు పిల్లల వీపు ఎత్తులో ఉండాలి, వారంలోనే అవి ఎంత ఎదుగుతాయో తెలుసు కదా, రెండు మూడు రోజులకోసారి కింద చెక్క ముక్క పెట్టి ఎత్తు పెంచుతున్నాను. అడుగున మెత్తటి పొడి మిగిలితే దాని మీదే కొత్త దాణా పోయకండి, పెద్ద పలుకుల కోసం ఆ పొడినంతా చిమ్మేస్తాయి. కాసేపు ఆగితే ఆ పొడి కూడా తినేస్తాయి. అలాగని ఎక్కువసేపు ఖాళీగా మాత్రం ఉంచకండి.

ఒక్క చోట మాత్రం పొదుపు చూడొద్దు. మొదటి రెండు మూడు రోజులు కాగితం మీద చల్లే దాణా కొంత పోతుంది, పోనివ్వండి. తినడం నేర్చుకునేది అక్కడే.

కాలితో తొక్కితే మూత తెరుచుకునే ఫీడర్లు కూడా చిన్నపిల్లలకి వద్దు. వాటి బరువుకి మూత తెరుచుకోదు, పెద్ద కోడి తెరిచినప్పుడు తల పెడితే మెడ ఇరుక్కునే ప్రమాదం ఉంది.

బకెట్ ఫీడర్ ఇప్పటికే కొనేసినవాళ్లు పారేయక్కర్లేదు, పక్కన పెట్టండి. తొట్టికి మారాక నేను మళ్లీ అదే పళ్లెం పెట్టి కొలిచాను, 400 గ్రాములకి 20 గ్రాములు పడింది. నా పిల్లలకి ఇప్పుడు మూడు వారాలు. భుజాలు ఆ గొట్టంలో పట్టనంత అయ్యాకే బకెట్ మళ్లీ బయటికి తీస్తాను, అదీ మొదటి రోజంతా దగ్గరుండి చూస్తాను.