లెక్కలో దిట్టలు, రిపోర్టు రాతలో కాదు

మేం అపార్ట్‌మెంట్లు కడతాం. ప్లాన్‌లు, అనుమతులు చూసేది నేనే. కొత్త ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి కావాలో వద్దో తేల్చమని ఓ కన్సల్టెన్సీకి ఫైలు ఇచ్చాం. ఫ్లాట్ల వైశాల్యం 17,800 చదరపు మీటర్లు. 20,000 నుంచే కదా అనుమతి అడిగేది అని మా ఎండీ గారు ధీమాగా ఉన్నారు.

ఆ కన్సల్టెన్సీలో మా ఫైలు చూసిన మేడమ్ ముందు సెల్లార్ డ్రాయింగులు అడిగారు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌కి 2011లో వచ్చిన సవరణ ప్రకారం అన్ని అంతస్తులతో పాటు సెల్లార్లు, సర్వీసు ఏరియాలు కూడా బిల్టప్ ఏరియా కిందికే వస్తాయి. రెండు సెల్లార్లూ కలిపితే 24,000 దాటింది! ఎండీ గారు వెంటనే "రెండు ప్రాజెక్టులుగా చూపిద్దాం" అన్నారు. "స్థలం ఒకటే, దారి ఒకటే, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఒకటే. ఆ ఫైలు మేం పెట్టం సార్" అని మొహం మీదే చెప్పేశారావిడ. పని చేజారినా పర్లేదనుకునే కన్సల్టెంటుని చూడ్డం నాకిదే మొదలు. అనుమతి చేతికొచ్చేదాకా స్థలానికి కంచె వేసుకోవడం తప్ప తవ్వకం ముట్టుకోవద్దని కూడా రాసిచ్చారు.

అంతకుముందు ఒక ఏజెంటు ప్రజాభిప్రాయ సేకరణ, పూర్తి ఈఐఏ రిపోర్టు అంటూ హడలగొట్టి భారీ కొటేషన్ పంపాడు. 1,50,000 చదరపు మీటర్ల లోపు భవనాలకి ఆ రెండూ అడగరు. దరఖాస్తు, కాన్సెప్ట్ ప్లాన్ చూసి రాష్ట్ర స్థాయి అథారిటీయే తేలుస్తుంది. మా కన్సల్టెన్సీ వాళ్లు ఆ మాట ఫోన్‌లోనే, పైసా అడక్కుండా చెప్పారు.

దరఖాస్తు కోసం వీళ్లు రాసిన రిపోర్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం నీరసం. చెట్ల జాబితాలో మా స్థలంలో లేని వేపలు, కానుగలు ఉన్నాయి. ఏ పాత ఫైల్లోంచి ఎత్తారో మరి. అడిగితే మార్చారు, కానీ అడగాల్సొచ్చింది. నీటి, మట్టి పరీక్షల బిల్లు విడిగా వస్తుందన్న సంగతి కొటేషన్‌లో లేదు.

వీళ్లకి ఎన్ఏబీఈటీ (ఈఐఏ కన్సల్టెంట్లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉంది. అది రంగాల వారీగా ఇస్తారు కాబట్టి సర్టిఫికెట్లో భవనాల రంగం ఉందో లేదో చూసుకోండి. 5కి 3.5 ఇస్తాను. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏటా జూన్ 1, డిసెంబర్ 1కి ఇవ్వాల్సిన ఆరు నెలల నివేదికలు (అనుమతి షరతులు పాటిస్తున్నామని చెప్పేవి) ఫీజులో ఉన్నాయో లేదో అడగండి. మాకైతే లేవు.