సిరిపురం ఎత్తుకి పాత హెర్క్యులస్

లాసన్స్ బే కాలనీ నుంచి సిరిపురంలో ఆఫీసుకి నేను తొక్కుతున్నది మా మేనమామ వాడి వదిలేసిన హెర్క్యులస్ సైకిలు. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, బియ్యం బస్తా వేసినా కిక్కురుమనని క్యారియరు. బాగు చేయించాక రెండు వానాకాలాలు చూసింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. విశాఖలో పాత సైకిలుకి డబ్బు పెట్టాలనుకుంటే రంగుకి కాదు, ముందు ఫ్రీవీల్‌కి, అంటే వెనక చక్రానికి ఉండే పళ్లచక్రానికి పెట్టండి.

ఊరంతా ఎత్తుపల్లాలే కదా. బీచ్ వైపు నుంచి సిరిపురం ఎక్కేసరికి మోకాళ్లు పట్టేసేవి. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక 18. అంటే పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. షాపతను 22 పళ్ల ఫ్రీవీల్ వేసి, చైనుకి ఒక లింకు కలిపాడు. ఇప్పుడు సరిగ్గా రెండు చుట్లే. దిగి తోసుకెళ్లే పని తప్పింది. బీచ్ రోడ్డులో మాత్రం స్కూలు పిల్లలు కూడా నన్ను దాటేసి పోతుంటారు, పోనీలెండి.

ఓవరాయిలింగ్ అయ్యాక కూడా పెడలు చుట్టుకోసారి టక్కుమనేది. బేరింగు గుండ్లు అరిగాయేమో అనుకున్నాం, తీరా చూస్తే కాటర్ పిన్. క్రాంకుని, అంటే పెడలు ఉండే కాడని, ఇరుసుకి పట్టి ఉంచే ఆ పిన్నుకి ఒక పక్క చదునుగా ఉండాలి. మాదానికి అక్కడ గోరు దిగేంత గాడి పడింది. కొత్తది చవకే. సుత్తితో దిగ్గొట్టి నట్టు బిగించాక, నాలుగు రోజులు తొక్కి మళ్లీ బిగించుకోవాలి. లేదంటే అదీ అరుగుతుంది.

సముద్రపు గాలితో గొడవ తీరేది కాదు. స్పోకులు కొత్తవి వేయించినా, వాటిని రిమ్ముకి బిగించే నిపుల్స్ దగ్గర అప్పుడే ఎర్రగా తుప్పు. వారానికోసారి తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాక నూనె వేస్తున్నాను. తుడవకుండా నూనె పోస్తే ఇసుక కలిసి నల్లటి ముద్దయి చైనుని తినేస్తుంది.

అసలు లోపం బ్రేకులు. తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు జారుతుంది, కొత్త బ్రేకు షూలు వేసినా అంతే. డౌన్ మొదలవకముందే బ్రేకు కాస్త పట్టి ఉంచితే నీళ్లు తుడుచుకుపోయి కొంచెం ఆగుతుంది. వాన దంచి కొడుతుంటే నేను ఆటో ఎక్కేస్తాను, ఆ టెన్షన్ మనకెందుకు?

ఖర్చు మొత్తం 4,000 రూపాయల లోపే. డైనమో పీకించేసి చార్జింగ్ లైటు పెట్టుకున్నాను. స్ప్రింగుల సీటు మాత్రం పాతదే, గతుకుల్లో దానికి మించింది లేదు.