అడ్డం వీడియోను నిలువు చేయడానికి ఏది మేలు?

అడ్డం వీడియోను నిలువుగా తిప్పడం అన్నప్పుడు మనం నిజానికి రెండు వేర్వేరు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా కంప్యూటర్‌లో తెరిచేసరికి మనుషులు పక్కకు పడుకున్నట్టు కనిపించే వీడియోను సరిచేయడం ఒకటి. అడ్డంగా చక్కగానే తీసిన పెళ్లి వీడియోను వాట్సాప్ స్టేటస్‌కో ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కో సరిపోయేలా నిలువు ఫ్రేమ్‌లో అమర్చడం మరొకటి. ఏ సాఫ్ట్‌వేర్ మేలో తేల్చేది ఈ తేడాయే.

ఫోన్‌ను ఎలా పట్టుకున్నా అందులోని సెన్సర్ దిశ మారదు కాబట్టి, చూపించేటప్పుడు ఇన్ని డిగ్రీలు తిప్పాలి అన్న చిన్న సూచనను ఫోన్ వీడియో ఫైల్‌లోనే రాసిపెడుతుంది. ఫోన్‌ను నేలవైపు వంచి రికార్డింగ్ మొదలుపెట్టినప్పుడు ఆ సూచన తప్పుగా పడవచ్చు. సూచన సరిగానే ఉన్నా కొన్ని ప్లేయర్లు దాన్ని పట్టించుకోవు. లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ సూచనను మాత్రమే మారుస్తుంది. దృశ్యాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, అంటే కొత్తగా కుదించి రాయదు కనుక నాణ్యత రవ్వంతైనా తగ్గదు, పెద్ద ఫైల్ అయినా దాదాపు కాపీ చేసినంత సేపట్లోనే పని ముగుస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే మరో సాఫ్ట్‌వేర్ అలా కాదు. ప్రతి ఫ్రేమ్‌నూ విప్పి, తిప్పి, మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. అందుకు సమయం పడుతుంది, నాణ్యత కొంత తగ్గుతుంది, కానీ పిక్సెళ్లే తిరిగిపోతాయి కాబట్టి సూచనను చదవని పాత టీవీలో కూడా వీడియో నిటారుగా కనిపిస్తుంది. అందుచేత ముందు లాస్‌లెస్‌కట్‌తో ప్రయత్నించి, చూడవలసిన పరికరంలో ఒకసారి నడిపి చూసి, అప్పటికీ పడుకునే ఉంటేనే హ్యాండ్‌బ్రేక్‌కు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడు కూడా నాణ్యతను నిర్ణయించే ఆర్‌ఎఫ్ విలువను 20 దగ్గర ఉంచాలి. ఆ అంకె తగ్గేకొద్దీ నాణ్యతతో పాటు ఫైల్ పరిమాణమూ పెరుగుతుంది.

చాలామంది మొదట తెరిచేది వీఎల్‌సీ ప్లేయర్. అందులో తిప్పితే ఆ సమయానికి తెరపై తిరుగుతుందే తప్ప ఫైల్ మారదు. సేవ్ చేయాలంటే కన్వర్ట్ దారిలో విడిగా వెళ్లాలి. చూడటానికి అది చాలు, పంపడానికి చాలదు.

రెండవ పనిలో తిప్పడమనేదే లేదు, ఉన్నది కత్తిరించడం. 1920×1080 పిక్సెళ్ల వీడియో నుంచి 9:16 ఫ్రేమ్, అంటే వెడల్పు 9 పాళ్లకు ఎత్తు 16 పాళ్లు ఉండే నిలువు ముక్క తీస్తే వెడల్పులో సుమారు 607 పిక్సెళ్లే మిగులుతాయి, అంటే చిత్రంలో మూడో వంతు కన్నా తక్కువ. ఒంటరిగా కూచిపూడి చేస్తున్న అమ్మాయి విషయంలో ఇది సరిపోవచ్చు. తలంబ్రాల ఘట్టంలో మాత్రం వధూవరులు ఎదురెదురుగా, ఫ్రేమ్‌కు చెరోవైపున ఉంటారు. నడిమి ముక్కను కత్తిరిస్తే చేతులు మిగులుతాయి, ముఖాలు పోతాయి. అటువంటి చోట మొత్తం దృశ్యాన్ని 1080 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి మధ్యలో ఉంచి, పైనా కిందా అదే వీడియోను మసకగా పరచడం తప్ప నాకు మరో మంచి దారి కనిపించలేదు.

ఈ పనికి షాట్‌కట్, డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి. రంగులు దిద్దడంలో రిజాల్వ్‌కు షాట్‌కట్ సాటిరాదు. అయితే మనిషి కదలికను బట్టి ఫ్రేమ్‌ను తానే జరిపే స్మార్ట్ రీఫ్రేమ్ సౌకర్యం డబ్బు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది కాబట్టి, ఉచిత వెర్షన్‌లో కూడా ఏ క్షణాన ఫ్రేమ్ ఎక్కడ ఉండాలో చెప్పే కీఫ్రేములను చేత్తో పెట్టుకోవలసిందే. పైగా రిజాల్వ్‌కు గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. షాట్‌కట్‌లో వీడియో మోడ్‌ను నిలువు హెచ్‌డీకి మార్చి, ‘సైజ్, పొజిషన్ అండ్ రొటేట్’ అనే ఫిల్టర్‌తో దృశ్యాన్ని జరుపుకుంటే సరిపోతుంది. మసక నేపథ్యం కావాలంటే అదే క్లిప్‌ను కింది ట్రాక్‌లో పెద్దదిగా పెట్టి బ్లర్ వేయాలి. సాధారణ ల్యాప్‌టాప్‌పై ఇంటి వేడుకల వీడియోలు చేసుకునేవారికి నేను షాట్‌కట్‌నే సూచిస్తాను.

నిలువు ముక్క కావాలని ముందే తెలిస్తే మాత్రం 4కెలో తీయండి. 3840×2160 ఫ్రేమ్‌లో నిలువుగా కత్తిరించినా 1215×2160 పిక్సెళ్లు మిగులుతాయి కనుక, 1080×1920 వీడియోకు చిత్రాన్ని సాగదీయవలసిన అవసరం రాదు.