జెనీవాలో పాత బంగారు గడియారం బేరం

జెనీవాలో బస గురించి ఫిర్యాదేమీ లేదు. కోర్నవాన్ స్టేషన్ దగ్గరి హోటల్ గదికి రాత్రికి 165 ఫ్రాంకులైంది. బస చేసినవారికి ఇచ్చే ఉచిత ప్రయాణ కార్డుతో ట్రాముల ఖర్చు కలిసివచ్చింది. రాయవలసినదల్లా ప్లాంపలే మైదానంలో బుధ, శనివారాల్లో జరిగే పాత వస్తువుల సంతలో ఒక వ్యాపారి మా బావగారికి బంగారు పూత గడియారాన్ని అసలు బంగారానిదని అంటగట్టబోయిన సంగతే.

అది 1940ల నాటి 18 క్యారెట్ల గడియారమంటూ అతను 900 ఫ్రాంకులు చెప్పాడు. పట్టీ తగిలించే కొమ్ముల అంచుల్లో పసుపు అరిగి, అడుగున వేరే లోహం తెల్లగా బయటపడింది. డయల్ అడుగున ‘టి స్విస్ టి’ అని ఉంది. చీకట్లో అంకెలు, ముళ్ళు మెరవడానికి వేసే ట్రిటియం అనే పదార్థం వాడకాన్ని తెలిపే ఆ గుర్తు 1960లలో గాని వాడుకలోకి రాలేదు. అక్షరాలు అలుక్కుపోయిన తీరు చూస్తే డయల్‌కు మళ్ళీ రంగు వేయించారని స్పష్టమైంది. 1995కు ముందు స్విట్జర్లాండులో 18 క్యారెట్ల కేసులకు (గడియారపు బయటి తొడుగులకు) కొట్టిన హెల్వెషియా, అంటే ఆ దేశానికి ప్రతీకైన స్త్రీమూర్తి, శిరస్సు ముద్ర పైన ఎక్కడా లేదు. లోపలైనా ఉందేమో చూస్తాం, వెనక మూత తీయమంటే, కొనేవాళ్ళకే తీస్తానని కసిరాడు. మూత తీయనివాడి దగ్గర ఎంత తక్కువకు వచ్చినా కొనకూడదు.

మనసుపడ్డ వస్తువు చేజారిందని బావగారు ముభావంగానే పక్కనున్న, గడియారాల కంపెనీ పటేక్ ఫిలిప్ వారి మ్యూజియానికి వచ్చారు. అక్కడి పాత కేసులను చూశాక, పదును నిలిచిన అంచుకూ, పాలిష్ పట్టీపట్టీ గుండ్రబడిన అంచుకూ తేడా ఏమిటో ఆయనే నాకు చూపించసాగారు.

మర్నాడు పాత నగరంలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన తాను అమ్మకానికి పెట్టిన ఒక పాత గడియారం మూతను అడగకముందే విప్పి, భూతద్దం మా చేతికిచ్చారు. మూత లోపల 14 క్యారెట్లకు గుర్తైన ఉడుత ముద్ర తోకతో సహా తేటగా ఉంది. స్క్రూల గాళ్ళు చెదరలేదు, తుప్పు జాడ లేదు. పరీక్ష యంత్రం మీద గడియారం నడకను నియంత్రించే బ్యాలెన్స్ చక్రం ఊపు 270 డిగ్రీలు చూపింది, అంటే యంత్రం బాగానే ఉందన్నమాట. కీ ఇచ్చే పిడి మాత్రం తర్వాత మార్చినదని ఆయనే చెప్పి, 1,450లో 100 ఫ్రాంకులు తగ్గించారు. రసీదులో కేసు నంబరు, మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) నంబరు, ఏడాది హామీ రాసి ఇచ్చారు. జెనీవా వెళ్ళేవారు సంతను చూడటానికే ఉంచుకుని, కొనడానికి ఇలాంటి చోటికే వెళ్ళాలి. రసీదు మీద ఈ మూడూ లేకపోతే డబ్బు చెల్లించవద్దు.